35 వేల అడుగుల ఎత్తున గోళ్ళవాన

మంగళవారం గోళ్ళు తీయకూడదు. శుక్రవారం అసలే తీయకూడదు. దీపాలు పెట్టాక ఏ వారమైనా తీయకూడదు. ఇంట్లో తీయకూడదు, గుమ్మంలో తీయకూడదు. అన్నం తినేచోట తీస్తే అమ్మమ్మ చేతిలో అట్లకాడ పైకి లేచేది. తీసిన గోళ్ళు కాగితంలో చుట్టి, ఎవరి కాలికిందా పడనిచోట పారేయాలి. దువ్వెనకొచ్చిన వెంట్రుకల్ని వేలికి చుట్టి, తుపుక్కున ఉమ్మి మరీ బయట పడేయాలి. క్షవరమైతే పెరట్లోనో చెట్టుకిందో; అయ్యాక తలమీద నీళ్ళు పడేదాకా వంటింటి గడప తొక్కడానికి లేదు. ఇన్ని నిషేధాల మధ్య పెరిగినవాళ్ళం మనం.

ఇవన్నీ నేలమీదే చెల్లుతాయనీ, విమానం చక్రాలు రన్‌వేను వదలగానే రద్దయిపోతాయనీ ఎవరు చెప్పారోగానీ మనవాళ్ళు గట్టిగా నమ్మారు. శుక్రవారం, సరిగ్గా దీపాలు పెట్టే వేళ, శంషాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో సీటుబెల్టు దీపం ఆరీ ఆరకముందే ఎక్కడో 'టక్' మంటుంది. ఇంజన్ హోరులో పక్కవాడి మాట వినబడదుగానీ ఆ చప్పుడు మాత్రం మూడు వరసల అవతలికి వినబడుతుంది. కాసేపటికి ఇంకో 'టక్'. అక్కణ్ణుంచి మిగిలిన ఎనిమిది వేళ్ళూ లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం మన వంతు. పదీ అయ్యాయి కదా అని ఊపిరి పీల్చుకునేలోగా ఆయన నెమ్మదిగా వంగి, బూటు విప్పుతాడు.

ఎ320 రకం విమానంలో ఎకానమీ సీటు వెడల్పు 17, 18 అంగుళాలు. చవక సంస్థల్లో ఒక వరసకూ ఇంకో వరసకూ మధ్య ఎడం 28 నుంచి 30 అంగుళాలు. నడిమి సీటువాడికి ఆ రెండు గంటలకూ రిజిస్టరైన స్థిరాస్తి ఇంతే. ఎగిరిన గోరుకు ఈ సరిహద్దులు పట్టవు. దానికి బోర్డింగ్ పాస్ అక్కర్లేదు, సీటు నంబరు లేదు, ఎక్కడ దిగాలో దాని ఇష్టం. కాఫీ కప్పులో దిగొచ్చు, పక్కావిడ ఉప్మా డబ్బాలో దిగొచ్చు.

ఒకసారి అలాంటి నెలవంక ఒకటి నా ఒళ్ళో వాలింది. పక్కనున్న కుర్రవాడు చదువుకున్నవాడే. మెడలో కంపెనీ ట్యాగు ఇంకా తీయలేదు.

"బాబూ, అది దిగాక తీసుకోవచ్చు కదా?" అన్నాను.

"నా సీట్లో నేను తీసుకుంటున్నాను అంకుల్. మీకేంటి ప్రాబ్లమ్?"

"సీటు నీదే, గోళ్ళూ నీవే. ఒళ్ళు మాత్రం నాది."

అతను వంగి చూశాడు. "ఓ, సారీ అంకుల్" అని దాన్ని రెండు వేళ్ళతో తీశాడు. జేబులో వేసుకుంటాడనుకున్నాను. కిందపడేసి, బూటుతో ముందుసీటు కిందికి తోశాడు. అతనికి సంబంధించినంతవరకూ సమస్య తీరిపోయింది. తొమ్మిదో వేలు అందుకున్నాడు.

ఈ కుర్రవాణ్ణి మర్యాద తెలియనివాడంటే నేనొప్పుకోను. అతనికి మర్యాద క్షుణ్ణంగా తెలుసు. పెళ్ళిచూపుల్లో కూర్చుని గోళ్ళు తీసుకోడు. పక్కసీట్లో మేనేజరుంటే ఇయర్ బడ్ బయటికి తీయడు. కాస్త పెద్ద వయసు వాళ్ళను తీసుకోండి: పక్కన వియ్యంకుడు కూర్చున్న ప్రయాణంలో ఏ పెద్దమనిషైనా సాక్సు విప్పి, వేళ్ళ సందులు రుద్దుకుని, ఆ చేతిని ఓసారి వాసన చూసుకున్నాడా? చచ్చినా చూసుకోడు. కాళ్ళు తిమ్మిరెక్కి పడిపోయినా బూటు విప్పడు. ఎవరి దగ్గర ఒద్దికగా ఉండాలో, ఎవరి దగ్గర అక్కర్లేదో మనవాళ్ళ బుర్రలో పక్కా జాబితా ఉంది. అందులో అత్తగారున్నారు, ఆఫీసరున్నాడు, వీసా ఇచ్చేవాడున్నాడు. ముక్కూ మొహం తెలియని పక్కసీటు మనిషి లేడు. అతను మనిషి కాదు, 14బి.

అసలు ఈ సింగారమంతా ఎవరికోసమో చూడండి. బయట అరైవల్స్ గేటు దగ్గర బొకే పట్టుకుని నిలబడ్డవాళ్ళకోసం. వాళ్ళముందు గడ్డం నున్నగా ఉండాలి, జుట్టు నిగనిగలాడాలి, ఒళ్ళు గుమగుమలాడాలి. రాలిన గడ్డం, ఊడిన జుట్టు, గాల్లోకి కొట్టిన గుమగుమ మనకు. వాళ్ళకు పెళ్ళికొడుకు, మనకు విడిదింటి చెత్త.

కెప్టెన్ "కాసేపట్లో దిగబోతున్నాం" అనగానే మొదలవుతుంది చూడండి అసలు హడావుడి. ఒకాయన బ్యాటరీ ట్రిమ్మరు తీసి ముక్కుపుటాలు దున్నుకుంటాడు. ఇంకొకాయన దువ్వెనతో తలను ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ ఎడాపెడా గీకి, భుజమ్మీద రాలిన చుండ్రును దులుపుతాడు. ఏ వైపుకి దులుపుతాడో వేరే చెప్పాలా? ముందువరస అమ్మాయి జడ విప్పి సీటు వెనక్కి వేస్తుంది. ఆ కురులు మన ట్రే మీదున్న టమాటా రసంలో జలకాలాడతాయి. సన్నగా మొలిచే అనుమానం ఒకటుంది నాకు: ఫోనుకు సిగ్నల్ లేకపోవడం వల్లనే ఇదంతా. పొద్దస్తమానం తెరను పైకీ కిందికీ తోసే బొటనవేలు రెండు గంటలు ఖాళీగా కూర్చోలేదు. పని వెతుక్కుంటూ పోయి ముక్కులోనో చెవిలోనో కాలివేళ్ళ మధ్యనో తేలుతుంది.

ఇక డియో. అదేదో ఒంటికి రాసుకునేది కాదు, చొక్కాలోకి చేయి దూర్చి నాలుగు వరసలకు కొట్టే పిచికారీ మందు. విమానంలో గాలి గురించి ఈ మహానుభావులకు తెలియనిదొకటుంది. క్యాబిన్ గాలిలో ఇంచుమించు సగం బయటినుంచి వచ్చేది, సగం లోపలిదే వడకట్టి మళ్ళీ వదిలేది. ఆ వడకట్టే హెపా ఫిల్టర్లు గొప్పవే. 0.3 మైక్రాన్ల రేణువుల్ని సైతం నూటికి 99.97 పట్టేస్తాయి. రెండు మూడు నిమిషాలకోసారి మొత్తం గాలి మారిపోతుంది. సూక్ష్మజీవులు వాటి ముందు చేతులెత్తేస్తాయి. వాసన మాత్రం ఎత్తదు. అది రేణువు కాదు, ఆవిరి. వడపోతలోంచి దర్జాగా దాటి, అందరి నెత్తిమీదా తిరిగి, మళ్ళీ మనకే వస్తుంది. పైగా అది పడని ఉబ్బసం మనిషి, కడుపుతో ఉన్న ఆడమనిషి కిటికీ తీసుకోవడానికి అది ఆర్టీసీ బస్సు కాదు.

2006లో లండన్ నుంచి అట్లాంటిక్ దాటే విమానాల్ని ద్రవరూపంలో ఉన్న పేలుడు మందులతో కూల్చే కుట్ర బయటపడ్డాకే విదేశీ ప్రయాణాల్లో 100 మిల్లీలీటర్ల సీసా నిబంధన వచ్చింది. అమ్మ ప్రేమగా పెట్టిన ఆవకాయ ఊటను సైతం అనుమానించి లాగేసుకునే ఆ నిబంధన రాసినవాళ్ళు అత్తరు సంగతి ఆలోచించలేదు. 100 మిల్లీలీటర్ల అత్తరుతో విమానాన్ని పేల్చలేరు, నిజమే. ఆరు వరసల్ని మాత్రం నిర్మూలించవచ్చు. నెయిల్ పాలిష్ రిమూవరుకి అరచెంచా చాలు. అందులో చాలావరకు ఉండేది అసిటోన్, అగ్గిపుల్లకు చుట్టం. సిగరెట్ తాగితే జైలన్న విమానంలో, ఆ సీసా మూత తీసి ట్రే మీద పెట్టి, దూది నానబెట్టి, కొత్త రంగు ఏదా అని ఆలోచించే ధైర్యం ఎక్కడిదో నాకు తెలియదు.

అమృతాంజనం మీద మాత్రం ఒక్క మాట అనను. చెవులు దిబ్బడేసి, తల పగిలిపోతున్న పెద్దావిడ కణతలకు రాసుకుంటే రాసుకోనివ్వండి. అది మందు, ముస్తాబు కాదు. పైగా 1893లో బొంబాయిలో ఆ సీసా మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే 1908లో అదే ఊళ్ళో ఆంధ్రపత్రికను పెట్టారు. తెలుగు పత్రికల్లో రాసుకు బతికేవాడు ఆ ఘాటును తిట్టడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే.

అలాగే రేణిగుంట నుంచి తిరిగొచ్చే విమానమన్నా నాకు గౌరవం. వరసవరసంతా నున్నటి గుండ్లు, గుండ్ల మీద గంధం. ట్రే మీద వెంట్రుక పడుతుందన్న బెంగ లేదు. ఉన్నదంతా కళ్యాణకట్టలో ఇచ్చేశారు. దేశంలో ఏ రూటులోనూ ఇంత పరిశుభ్రమైన తోటి ప్రయాణికులు దొరకరు. గంధం కాస్త సీటుకి అంటుకుంటుంది, అంతే కదా.

అయితే అంతా ప్రయాణికుడి మీదికే తోసేసి విమాన సంస్థను వదిలేస్తే అన్యాయం. మన రైలు పెట్టెను చూడండి. మరుగుదొడ్డి లోపలెలా ఉన్నా, బయట తలుపు పక్కన ఒక వాష్‌బేసిను, దాని మీద ఒక అద్దం. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఘట్‌కేసర్ చేరుతోందనగానే అక్కడ బ్రష్షులు, టవళ్ళు, నురగ పూసిన గడ్డాలు వరసకడతాయి. బండి ఊగినప్పుడల్లా ఎవరి దవడ తెగుతుందో అని భయమేగానీ, బెర్తు మీద కూర్చుని ఎవరూ గీసుకోరు, ఎందుకంటే గీసుకోవడానికి ఒక చోటుంది. మనిషికి పొద్దున్నే మొహం కడుక్కునే అవసరముంటుందని ఆ పెట్టె గీసినవాడికి తెలుసు. విమానానికి వస్తే 180 మందికి మూడు టాయిలెట్లు. బేసిను, అద్దం ఆ గదిలోపలే. లోపల ఒకాయన తల దువ్వుకుంటుంటే బయట పదిమంది కాళ్ళు మెలేసుకుని నిలబడాలి. ఇంకో వరస సీట్లు ఇరికించగలమా అని కొలిచేవాళ్ళు ఇంకో బేసిను పెట్టగలమా అని ఎందుకు కొలుస్తారు? బేసినుకు టికెట్ అమ్మలేరుగా.

పైన గాలి ఎండిపోయి ఉంటుందన్నదీ నిజమే. క్యాబిన్‌లో తేమ సాధారణంగా 20 శాతం లోపే. పెదవులు పగులుతాయి, చర్మం చిటపటమంటుంది. పెదవులకు మైనం రాసుకోండి, చేతులకు వాసనలేని క్రీము రాసుకోండి, కాదనేవాడు దుర్మార్గుడు. కాటుక దిద్దుకోండి, బొట్టు సర్దుకోండి, లిప్‌స్టిక్ వేసుకోండి. పక్కవాడికి దానివల్ల పోయేదేమీ లేదు. టోక్యోలో టోక్యూ అనే రైల్వే సంస్థ 2016లో, బండిలో మేకప్ వేసుకునే ఆడవాళ్ళు చూడ్డానికి బాగుండరన్న ధోరణిలో ప్రచారచిత్రం తీస్తే పెద్ద దుమారమే రేగింది. రేగాలి కూడా. చూడ్డానికి బాగుండటం ఏ ప్రయాణికురాలి బాధ్యతా కాదు. ఎగిరేది, రాలేది, కంపుకొట్టేది అయితేనే పక్కవాడికి నోరెత్తే హక్కొస్తుంది. న్యూయార్క్ మెట్రోవాళ్ళు 2015లో పెట్టెల్లో అంటించిన మర్యాద పోస్టర్లలో గోళ్ళ కత్తిరింపు కూడా ఉంది. అంత పెద్ద నగరం గోళ్ళ మీద పోస్టరు వేయాల్సి వచ్చిందంటే జబ్బు మన ఒక్కరిదే కాదని కాస్త ఊరట.

మన ప్రభుత్వం దగ్గర పోస్టరు లేదుగానీ పట్టిక ఉంది. డీజీసీఏ 2017లో దురుసు ప్రయాణికుల్ని మూడు తరగతులుగా విడదీసింది. నోటితో, సైగలతో గొడవ చేస్తే మూడు నెలల దాకా విమానం ఎక్కనివ్వరు. చేయి చేసుకుంటే ఆరు నెలల దాకా. ప్రాణాలమీదికి తెస్తే రెండేళ్ళు, ఆపైన. కాలిగోరు ఏ తరగతిలోకి వస్తుందో అందులో రాయలేదు. మీ మోచేతి పక్కన, రెండు సీట్ల సందులోంచి మెల్లగా ముందుకు పొడుచుకొచ్చే వెనకసీటువాడి కాలి బొటనవేలిది ఏ తరగతో రాయలేదు. దాన్ని మీరు సైగతో వెనక్కి పొమ్మంటే మాత్రం మొదటి తరగతి మీకు వర్తించే ప్రమాదముంది.

ఎయిర్ హోస్టెస్‌కు చెబుదామా? చెప్పండి. ఆ అమ్మాయి గోళ్ళు తీసుకునే ఆయన దగ్గరికొచ్చి, "సర్, మీకేమైనా కావాలా?" అని నవ్వుతుంది. అంతకన్నా కటువుగా మాట్లాడితే మర్నాడు కంపెనీకి ఫిర్యాదు వెళ్తుంది. చవక సంస్థల్లో రెండు ప్రయాణాల మధ్య సీట్ల సందుల్లో చెత్త ఏరేది చాలాచోట్ల ఆ అమ్మాయిలే. అంటే ఆయన బూటుతో తోసిన నెలవంకను వంగి తీసేది కూడా, కాసేపటి క్రితం ఆయనకు నవ్వుతూ నీళ్ళిచ్చిన చెయ్యే.

ఇంకొక జాతి తయారైంది. వాళ్ళు నోరెత్తరు, ఫోనెత్తుతారు. గుట్టుచప్పుడు కాకుండా వీడియో తీసి, దిగగానే లోకం మీదికి వదులుతారు. వీళ్ళను చూస్తే నాకు గోళ్ళవాడే నయమనిపిస్తుంది. 2018 మేలో కనేరీ దీవుల నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళే విమానంలో ఒకాయన ఒంటి వాసన ఎవరూ భరించలేక, పోర్చుగల్‌లోని ఫారోలో విమానం దించేశారు. వారాల తరబడి స్నానం చేయనివాడని ప్రపంచమంతా నవ్వుకుంది. ఆయనకు ఒంట్లో కండ కుళ్ళిపోతోంది. నవ్వులు చల్లారేలోగా పోర్చుగల్ ఆసుపత్రిలో చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో న్యూజెర్సీ రైల్లో సీటుమీద కూర్చుని నురగ పూసుకుని గడ్డం గీసుకుంటున్న మనిషి వీడియోను లక్షలమంది చూసి ఛీకొట్టారు. నిరాశ్రయుల శిబిరంలోంచి వచ్చిన మనిషి. తన వాళ్ళకు కాస్త తేటగా కనబడాలని ఆ కాస్త గీసుకున్నాడని తర్వాత తెలిసింది. అతనికి ఆ రైలు సీటు తప్ప అద్దం, గది లేవు.

మన ట్రిమ్మరు బాబుకు ఉన్నాయి. గచ్చిబౌలిలో మూడు బెడ్‌రూములు, మూడింటికీ బాత్‌రూములు, ఒక్కో దాంట్లో నిలువెత్తు అద్దం. పొద్దున ఆరింటికే లేస్తే అక్కడే అయిపోయేది. ఆరున్నర దాకా నిద్రపోయినందుకు ఆ అరగంట కిరాయి మనచేత కట్టిస్తున్నాడు.

మొదటిసారి విమానం ఎక్కిన పల్లెటూరి పెద్దవాళ్ళను చూసి నవ్వే అలవాటొకటి ఉంది మనకు. అమెరికాలో కూతురి పురిటికి వెళ్తున్న ఆ అమ్మను ఒకసారి సరిగ్గా చూడండి. కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, కొంగు పక్కవాళ్ళకు తగలకుండా ఒళ్ళోకి లాక్కుని, మంచినీళ్ళు అడగడానికి కూడా మొహమాటపడుతూ పదహారు గంటలు కూర్చుంటుంది. దువ్వెన సంచిలోనే ఉంటుంది, బయటికి రాదు. నలుగురిలో ఉన్నామన్న ఎరుక ఆవిడకు ఉంది. గోళ్ళ కత్తెర తీసేది ఆవిడ కాదు. నెలకు నాలుగుసార్లు తిరిగి, బంగారు రంగు కార్డు సంపాదించి, క్యూలో అందరికన్నా ముందు ఎక్కేవాడు. విమానం ఎన్నిసార్లు ఎక్కితే అంత సొంత ఇల్లయిపోతుంది ఆయనకు. సొంత ఇంట్లో మాత్రం శుక్రవారం తీయడు, భార్య ఊరుకోదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఒక మనవి. ఏ విమానాశ్రయంలోనైనా విమానం దిగి సామాను బెల్టు దగ్గరికి నడిచే దారిలో ఒక వాష్‌రూమ్ ఉంటుంది. అందులో అద్దముంటుంది, ధారగా నీళ్ళుంటాయి, మూతున్న చెత్తబుట్ట ఉంటుంది. బెల్టు మీద మీ పెట్టె వచ్చేసరికి ఎలాగూ పావుగంట పడుతుంది. గోళ్ళు, గడ్డం, ముక్కు, చెవులు, డియో అన్నీ అక్కడ కానివ్వండి. బయట బొకే పట్టుకున్నవాళ్ళు ఎక్కడికీ పోరు.